వేరేవాళ్లు నడిపి గుద్దితే, ఇన్సూరెన్స్ లేని కారు ఓనర్ ఎందుకు కట్టాలి?

నకిరేకల్ వాసి:
మా చిన్నాన్న కారును ఆయన బావమరిది పెళ్లి పనులకని అడిగి తీసుకెళ్లి నార్కట్‌పల్లి దగ్గర బైకును గుద్దాడు. బైకాయన కాలు విరిగింది. కారు ఇన్సూరెన్స్ గడువు అప్పటికే అయిపోయింది. ఇప్పుడు పరిహారం కోసం నల్లగొండ కోర్టు నుంచి ఇద్దరికీ నోటీసులు వచ్చాయి. ఆ టైంలో చిన్నాన్న పొలం కాడ ఉన్నాడు. ఆయన మీద పడటం న్యాయమేనా?

జడ్చర్ల వాసి:
కాదు. తాగినోడికో మైనర్‌కో ఇయ్యలేదు, లైసెన్స్ ఉన్నోడికే ఇచ్చిండు. గుద్దినోడే కట్టాలి. ఇట్లయితే చుట్టాలకు తాళం చెవి ఇయ్యాలన్నా భయమే.

మిర్యాలగూడ వాసి:
అన్నా, రెండు కేసులను ఒకటి చేస్తున్నారు. నిర్లక్ష్యంగా నడిపిన నేరం బావమరిదిదే, అందులో చిన్నాన్న లేడు. ఆయన మీద వచ్చేది మోటారు వాహనాల చట్టం 196వ సెక్షన్: ఇన్సూరెన్స్ లేని బండిని నడపనిచ్చినా మొదటిసారి 2,000 జరిమానా, లేదా 3 నెలల వరకు జైలు, లేదా రెండూ.

పరిహారం సంగతి వేరు. ఇన్సూరెన్స్ లేకుండా బండి నడపొద్దు, ఇంకొకరిని నడపనియ్యొద్దు అని 146వ సెక్షన్ చెబుతుంది. ఆర్సీలో ఎవరి పేరుంటే వాళ్లే ఓనర్. అమ్మేసి పేరు మార్పించకపోయినా బాధ్యత పాత ఓనర్‌దేనని 2018లో సుప్రీంకోర్టు తేల్చింది. 164వ సెక్షన్ కింద అడిగితే తప్పెవరిదో రుజువు చేయక్కర్లేదు, తీవ్ర గాయానికి 2.5 లక్షలు, చనిపోతే 5 లక్షలు ఓనర్ గానీ ఇన్సూరెన్స్ కంపెనీ గానీ ఇయ్యాలి. ఇక్కడ కంపెనీ లేదు, మిగిలింది ఓనరే.

ఇంత మాట్లాడుకున్నాం, ఆ బైకాయన ఎట్ల బతుకుతున్నాడని ఒక్కరూ అడగలేదు. కాలికి రాడ్ వేసి పండబెడితే నెలల తరబడి కూలీ ఉండదు, ఆస్పత్రి బిల్లుకు అప్పు చేయాలి, ఆ అప్పుకు మిత్తి. ఆయన ఎవరి చుట్టూ తిరగాలి? 1,000 నుంచి 1,500 సీసీ కారుకు థర్డ్ పార్టీ (ఎదుటివాళ్లకు జరిగే నష్టానికి) ప్రీమియం 2022 రేట్ల ప్రకారం ఏడాదికి 3,416, జీఎస్టీ అదనం. అది కట్టి ఉంటే ఈ రోజు కంపెనీ వకీలు కోర్టులో నిలబడేవాడు.

జడ్చర్ల వాసి:
బైకాయనకు రావాలె, కాదన్లేదు. మరి బావమరిది తప్పించుకుంటడా? చట్టం ఎట్లున్నా నా దృష్టిలో మొదట ఆయన జేబే తడమాలి.

మిర్యాలగూడ వాసి:
తప్పించుకోడు. నిర్లక్ష్యం రుజువైతే మామూలుగా ఇద్దరూ కలిసి, విడివిడిగా కట్టాలనే తీర్పు వస్తుంది. అంటే బైకాయన మొత్తం సొమ్ము ఎవరి దగ్గరైనా వసూలు చేసుకోవచ్చు. చిన్నాన్న కట్టాక బావమరిది మీద దావా వేసుకోవచ్చు, అది వాళ్లిద్దరి పంచాయితీ. తాళాలు అడగకుండా తీసుకెళ్లి ఉంటే వాదన మారేది, కానీ అడిగే తీసుకెళ్లాడని నకిరేకల్ వారే రాశారు.

నకిరేకల్ వాసి:
పెద్దమనుషుల్లో కూర్చుంటే అయిపోదా అంటున్నరు ఇంట్లో.

మిర్యాలగూడ వాసి:
కూర్చోండి, కానీ ఒప్పుకున్నది కోర్టు ముందు రికార్డు చేయించండి. వాయిదాకు మాత్రం తప్పకుండా వెళ్లాలి. వెళ్లకపోతే ఎక్స్‌పార్టీ చేసి, అంటే మీ వాదన వినకుండానే తీర్పు ఇచ్చేస్తారు, కట్టకపోతే కలెక్టర్ ద్వారా భూమి శిస్తు బకాయిలాగా వసూలు చేస్తారు. ఇప్పుడు పాలసీ రెన్యువల్ చేయించినా ఈ యాక్సిడెంట్‌కు పనికిరాదు, అయినా ఆ కారు మళ్లీ రోడ్డెక్కే ముందు చేయించండి.