అంగన్‌వాడీ టీచర్లకు ఫోన్ ద్వారా శిక్షణ: వీడియోలు సరిపోతాయా?

ప్రశ్న (సెక్టారు, అంటే కొన్ని అంగన్‌వాడీ కేంద్రాల సముదాయపు సూపర్‌వైజర్):
మా టీచర్లు 2021 నుండి పోషణ్ ట్రాకర్ అనే ప్రభుత్వ యాప్‌లో పిల్లల ఎత్తు, బరువు నమోదు చేస్తున్నారు. నమోదు వేగంగానే సాగుతున్నా కొలతల్లో తప్పులు తగ్గడం లేదు. అదే ఫోన్‌కు గంట నిడివి గల శిక్షణ వీడియోలు పంపితే ప్రయోజనం ఉంటుందా?

జవాబు 1:
గంట వీడియోను పూర్తిగా చూసే తీరిక ఎవరికుంటుందండీ? ముందుగా నేర్చుకోవలసినది వేరు, పని మధ్యలో చటుక్కున చూసుకోవలసినది వేరు. రెండేళ్లలోపు బిడ్డను పడుకోబెట్టి పొడవు కొలవాలనీ, ఆ వయసు దాటినవారిని నిలబెట్టి ఎత్తు కొలవాలనీ, పసిబిడ్డ పడుకోనని మొరాయిస్తే నిలబెట్టి కొలిచిన అంకెకు 0.7 సెంటీమీటర్లు కలపాలనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ పద్ధతి చెబుతుంది. ఇంతమాత్రమే ఒక్క బొమ్మగా చేసి వాట్సాప్ గ్రూపులో పిన్ చేయండి. ఏడుస్తున్న బిడ్డను ఎత్తుకుని ఉన్న టీచరుకు అక్కరకు వచ్చేది అదే.

జవాబు 2:
పై మాటతో ఏకీభవిస్తాను గాని, బిడ్డ మడమలు, తల కొలత పలకకు ఆనేలా నిలబెట్టడం, తూకం వేసే ముందు యంత్రాన్ని సున్నాకు తేవడం వంటివి చేతులతో చేసి నేర్చుకోవలసినవే. మనం ఇచ్చిన అంకెను బట్టి యాప్ లెక్క కడుతుందే తప్ప, బిడ్డను మందపాటి స్వెటరుతో తూచారని దానికి తెలియదు కదా! సిగ్నల్ అందని ఊళ్ల కోసం ఆ బొమ్మను ఫోన్‌లోనే భద్రపరచమని చెప్పండి.

ప్రశ్న అడిగినవారు:
ధన్యవాదాలండీ. వీడియోల ఆలోచన మానుకుని, ఈసారి సెక్టారు సమావేశానికి తూకం యంత్రాన్నే తీసుకువెళతాను.