కెనడా పీఆర్ (శాశ్వత నివాసం) కోసం ఇప్పుడు పనిచేస్తున్న కంపెనీని ఎక్స్‌పీరియన్స్ లెటర్ అడగాలా, చెప్పకుండా కానిచ్చేయాలా?

మియాపూర్ టెస్టర్:
అందరికీ నమస్తే అండి. నాది టెస్టింగ్, పాత కంపెనీలో రెండేళ్లు, ఇక్కడ నాలుగేళ్లు. ఎక్స్‌ప్రెస్ ఎంట్రీలో (పాయింట్లు చూసి పీఆర్‌కి పిలిచే కెనడా పద్ధతి) ప్రొఫైల్ వేశాను, ఐటీఏ (అప్లై చేయమని వాళ్లు పంపే పిలుపు) వస్తే 60 రోజుల్లో కాగితాలన్నీ పెట్టాలి. పాత కంపెనీ లెటర్ ఉంది, ఇబ్బంది ఇప్పుడున్న కంపెనీతోనే. మేనేజర్‌ని మెల్లిగా కదిపి చూశాను, "రిలీవ్ అయ్యేటప్పుడు ఇస్తారుగా అమ్మా, ఇప్పుడెందుకు, ఎక్కడికైనా వెళ్తున్నావా" అన్నారు, ఏం లేదు సర్ అని వచ్చేశాను. మా ఆయన ఉన్నది ఉన్నట్టు చెప్పేయ్ అంటారు, మా అన్నయ్య హోమ్ లోన్ అని చెప్పి తీసుకో అంటాడు. మార్చిలో అప్రైజల్. రెండు రోజుల నుంచి నిద్ర లేదు, ఏం చేయమంటారు?

గుంటూరు కుర్రోడు:
అక్కా, చచ్చినా చెప్పొద్దు. మా టీమ్‌లో ఒకాయన నిజాయితీగా చెప్పాడు, నెల తిరక్కుండా ఆయన పక్కన ఇంకొకర్ని కూర్చోబెట్టి కేటీ (ఆయన పని ఇంకొకరికి నేర్పి అప్పగించడం) ఇప్పించారు, ఆన్‌సైట్ వరుసలో మొదట ఉన్న పేరు తీసేశారు. ఆయనకి ఆ ఏడు ఐటీఏ కూడా రాలేదు, పాపం రెంటికీ చెడ్డాడు. పీఆర్ వస్తుందో రాదో తెలీదు, నెలనెలా జీతం మాత్రం ఖాయం కదా.

కాల్గరీ నుంచి:
చెల్లీ, లోన్ అని మాత్రం చెప్పకు. 2019లో నేను సరిగ్గా అదే పని చేశాను. అప్పుడు మాదాపూర్‌లో చేసేవాణ్ణి, ఇల్లు కొంటున్నా, బ్యాంకుకి లెటర్ కావాలి అని హెచ్ఆర్‌కి టికెట్ పెట్టా, రెండు రోజుల్లో చేతికొచ్చింది, తీరా చూస్తే పైన బ్రాంచ్ మేనేజర్ గారికి అని ఉంది, కింద నా పేరు, హోదా, చేరిన తేదీ, జీతం, ఆఖర్న "గృహ రుణం నిమిత్తం మాత్రమే" అని ఒక లైను. దాన్ని కెనడా వాళ్లకి ఎలా పంపను? వేరే లెటర్ కావాలని మళ్లీ వెళ్తే ముందు చెప్పింది అబద్ధమని తేలిపోయింది. ఆ హెచ్ఆర్ అమ్మాయి నేను చేరిన రోజు దగ్గరుండి బ్యాంక్ ఖాతా ఫారాలు నింపించిన మనిషి, ఆ తర్వాత నా మెయిల్స్‌కి జవాబివ్వడమే మానేసింది. తప్పు నాదే.

కెనడా వాళ్లడిగేది ఏంటంటే, కంపెనీ లెటర్‌హెడ్ మీద అడ్రస్, ఫోన్, మెయిల్, సూపర్‌వైజర్‌దో హెచ్ఆర్‌దో పేరు హోదాతో సంతకం, ఏ తేదీ నుంచి ఏ పోస్టు, వారానికి ఎన్ని గంటలు, ఏడాది జీతం, బెనిఫిట్స్, నువ్వు చేసే పనులు. ఆ పనుల పేరా ఒక్కటి పక్కన పెడితే మిగతావన్నీ మామూలుగా ఇచ్చేవే, గొడవంతా ఆ పేరా దగ్గరే. అందుకని రెండు ముక్కలుగా అడుగు. ముందు హెచ్ఆర్‌కి మెయిల్ పెట్టి తేదీలు, జీతం, గంటలు ఉన్న లెటర్ తీసుకో. అదే మెయిల్లో పనుల వివరం కూడా కావాలని అడుగు. ఒప్పుకుంటే పండగే. మా పాలసీలో లేదు అంటే ఆ జవాబుని భద్రంగా దాచుకో, రేపు పనుల వివరం ఎందుకు లేదో కెనడా వాళ్లకి రాసే ఎక్స్‌ప్లనేషన్ లెటర్‌కి అదే జత చేస్తావు. పనుల సంగతి నిన్ను దగ్గర నుంచి చూసిన లీడ్ ఎవరైనా అఫిడవిట్ ఇస్తే దాంతో చూపించాలి.

ఇది చదివే మిగతావాళ్లకి ఒక మాట, సీఆర్ఎస్‌లో (ఎక్స్‌ప్రెస్ ఎంట్రీలో ర్యాంకు కట్టే పాయింట్ల లెక్క) బయటి దేశపు అనుభవం 3 ఏళ్లు దాటితే ఇంక పాయింట్లు పెరగవు. గత పదేళ్లలో పాత కంపెనీల్లోనే మూడేళ్లు పూర్తయినవాళ్లు ఇప్పటి కంపెనీ జోలికి వెళ్లాలా వద్దా అని ముందు లెక్క చూసుకోండి, 67 పాయింట్ల అర్హత లెక్క వేరు, అది కూడా సరిపోవాలి. చెల్లికి పాతది రెండేళ్లే కాబట్టి తప్పదు.

కరీంనగర్ అన్న:
మెయిల్ ఎందుకు పెట్టాలె అన్నా? లీడ్‌తోని అఫిడవిట్ రాయించుకొని, పేస్లిప్పులు, ఫామ్ 16, పీఎఫ్ పాస్‌బుక్ పెడితే అయిపోతది కదా. కంపెనీకి తెల్వనే తెల్వది. మీరు ఆడ సెటిల్ అయి కూసొని ధైర్యంగ చెప్తున్నరు, రేపు ఆమె ఉద్యోగం పోతే ఈఎంఐ ఎవరు కడ్తరు?

కాల్గరీ నుంచి:
ఈఎంఐ సంగతి నిజమే అన్నా, ఆ భయం నాకూ తెలుసు. కానీ అసలు అడగనే అడగకుండా అఫిడవిట్ పెడితే లెటర్ ఎందుకు లేదు అన్న ప్రశ్నకి మన దగ్గర ఏం జవాబుంది? ఒప్పుకోవడమా మానడమా అన్నది ఆఫీసర్ ఇష్టం, అఫిడవిట్‌కి గ్యారంటీ లేదు. మనం అడిగాం, వాళ్లు కాదన్నారు అని కాగితం మీద కనపడితే ఆ మాటకి బలం. ఇంకోటి, అమీర్‌పేట వైపు లెటర్‌హెడ్ మీద కొట్టించి ఇస్తామనేవాళ్లు తగుల్తారు, వాళ్ల మొహం కూడా చూడొద్దు. తప్పుడు కాగితమని తేలితే 5 ఏళ్లు కెనడా గుమ్మం తొక్కనివ్వరు.

పాత మేనేజర్:
మేనేజర్ల వైపు నుంచి కూడా కాస్త వినండి. నేను పదకొండేళ్లు టీమ్‌లు నడిపాను. మనవాళ్లు లెటర్ అడిగితే మేం వెనకాడేది కక్షతో కాదు. కంపెనీ పేరు మీద సంతకం పెట్టే అధికారం మాకు చాలా చోట్ల ఉండదు, రేపు ఎవరైనా ఫోన్ చేసి ధృవీకరణ అడిగితే హెచ్ఆర్ మా మెడ మీద కూర్చుంటుంది. ఆ సంగతి చెప్పుకోలేక "ఇప్పుడెందుకమ్మా" అంటాం. ఒక కుర్రాడు వచ్చి ఎన్ఓసీ ప్రకారం డ్యూటీస్ కావాలి సర్ అన్నాడు, వాళ్ల ఎన్ఓసీ అంటే వృత్తుల కోడ్ అని నాకేం తెలుసు, నో అబ్జెక్షన్ సర్టిఫికెట్ అనుకుని డైరెక్టర్ దాకా తీసుకెళ్లాను, ఆయన ఠక్కున కుదరదన్నారు. తర్వాత తెలిసింది వాడికి కావాల్సింది ఒక పేరానే అని. వాడి ఏడాది పోయింది, ఆ మాట గుర్తొస్తే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది. కాబట్టి అమ్మా, మెయిల్లో ఎన్ఓసీ అన్న మాట రాయకు. నువ్వు చేసే పనులు నువ్వే ఆరేడు లైన్లు రాసి పెట్టు, కోడ్ పేజీలో ఉన్నది ఉన్నట్టు దించకు, మీ టూల్స్, మీ ప్రాజెక్టులో నిజంగా చేసేది రాయి. సంతకం పెట్టేవాడికి పని తగ్గితే పెట్టేస్తాడు. మేనేజర్‌కి కూడా హెచ్ఆర్ ద్వారా కాకుండా ముందు నీ నోటి నుంచే తెలియాలి, అది నా అభిప్రాయం.

గుంటూరు కుర్రోడు:
సార్ మీలాంటి మేనేజర్ ఉంటే చెప్పొచ్చు, అందరికీ ఉండరు కదా. అప్రైజల్ అయ్యాక అడగమనండి అక్కని, కనీసం హైక్ అన్నా చేతికొస్తుంది.

కరీంనగర్ అన్న:
గిది మంచిగున్నది. మార్చి దాటినంక అడుగు చెల్లె. ఐటీఏ ముందే పడితే మాత్రం 60 దినాలల్ల పోలీస్ క్లియరెన్స్, మెడికల్ అన్నీ మీద పడ్తయి, గప్పుడు ఆగొద్దు.

మియాపూర్ టెస్టర్:
అందరికీ చాలా థ్యాంక్స్ అండి. ఆగలేకపోయాను, నిన్న పొద్దున మేనేజర్‌తో క్యాంటీన్‌లో కూర్చుని చెప్పేశాను, మైగ్రేషన్ ప్రాసెస్‌కి అప్లై చేస్తున్నాను, ఏడాది పైనే పట్టొచ్చు, ఈ రిలీజ్ వదిలేసి ఎక్కడికీ పోను అని. చాలాసేపు టీ కప్పు తిప్పుతూ కూర్చున్నారు. తర్వాత "నేను సంతకం పెట్టలేను, హెచ్ఆర్‌కి మెయిల్ పెట్టి నన్ను సీసీలో పెట్టు" అన్నారు. అప్రైజల్లో ఏమవుతుందో నాకు తెలీదు, భయంగానే ఉంది. ఇవాళ హెచ్ఆర్ నుంచి జవాబొచ్చింది, తేదీలు, హోదా, జీతం, వారానికి 40 గంటలు రాసి ఇస్తారట, పనుల వివరం ఉద్యోగంలో ఉన్నవాళ్లకి ఇవ్వరట. ఆ మెయిల్ పీడీఎఫ్ చేసి దాచుకున్నాను. కిందటేడు మానేసిన మా పాత లీడ్ పుణెలో ఉన్నారు, ఆయన అఫిడవిట్ ఇస్తానన్నారు. స్టాంప్ పేపర్ ఇక్కడ కొని కొరియర్ చేయాలా, ఆయన అక్కడే చేయించొచ్చా?

కాల్గరీ నుంచి:
ఆయన ఎక్కడుంటే అక్కడి స్టాంప్ పేపర్ మీద అక్కడి నోటరీ ముందే సంతకం పెట్టమను. ఆయన నీ లీడ్‌గా ఉన్నట్టు చూపించే పాత మెయిల్ ఏదైనా, ఆయన రిలీవింగ్ లెటర్ కాపీ కూడా అడుగు.