సమస్య: పారునదియె రెంటిఁ బట్టి నిలిపె

కాలవగట్టు మాస్టారు (నిర్వహణ):
ఈ వారం ఆటవెలది. ఆఖరి పాదం పైన ఇచ్చాను, తక్కిన మూడూ మీవి. ఫ్లక్స్ అనే మాటకున్న అర్థాల్లో ఏదో ఒకటి పద్యంలో పలకాలి, ఆ మాట మాత్రం కనపడకూడదు. దాని లాటిన్ మూలానికి ప్రవాహం అని అర్థం. నీరు కావచ్చు, సముద్రపు పోటు కావచ్చు, కొలిమి మీద కరిగేది కావచ్చు. 'పారునది'ని పారేది అనుకున్నా, పారే నది అనుకున్నా నాకు సమ్మతమే. (గుడి ముందు కట్టే ఫ్లెక్సీ మీద ఒకాయన ఏకంగా మూడు పద్యాలు పంపారు. అది వేరు బాబూ!)

రాజోలు బాబాయి (నగల పని):

పసిడి ముక్కలందు పైపొర కరిగించి
గట్టి మంటకు వెలిగార మురికి
సందులోన టంకజలమును జొప్పించి
పారునదియె రెంటిఁ బట్టి నిలిపె

మాస్టారు: గణాలు, యతులు శుభ్రంగా ఉన్నాయి. కానీ బాబాయి గారూ, వెలిగారము + ఉరికి అని మీరు రాస్తే, చదివేవాడికి 'వెలిగారం మురికి' అని వినపడుతోంది.

రాజోలు బాబాయి: ఆయ్, మురికి తీసేదే అదండీ! వేడికి లోహం మీద నల్లగా పొర కడుతుంది. అది ఉంటే టంకం అంటదు, ముత్యంలా ఉండకట్టి దొర్లిపోతుంది. మా పనిలో ఫ్లక్స్ ఆ వెలిగారమే (బోరాక్స్). అది గాజులా కరిగి ఆ పొరని తనలోకి లాక్కుంటుంది, మళ్ళీ గాలి తగలనివ్వదు.

మలికిపురం కుర్రాడు: అయితే పట్టి నిలిపింది టంకం కదా తాతగారూ? వెలిగారం దారి ఇచ్చింది అంతే. మా సెల్‌ఫోన్ రిపేరు షాపులో పేస్టు కూడా అంతే, అతికాక తుడిచేస్తాం.

మాస్టారు: మంచి పట్టు. అయితే మూడో పాదంలో టంకం నీరై వచ్చింది కాబట్టి 'పారునది' దానికే అన్వయించుకోవచ్చు. పైగా సంస్కృతంలో టంకణం అంటే వెలిగారమే. బాబాయి గారు గట్టెక్కారు.

కుర్రాడు: నాది ధవళేశ్వరం మీద. మొదటి పాదం: "కాటను దొర కట్టె గట్టి యానకట్ట".

మాస్టారు: యతి కుదిరింది. చివరి గణం 'నకట్ట' దగ్గర లఘువు, గురువు, లఘువు పడ్డాయి. అది జగణం, అక్కడ ఉండాల్సిన ఇంద్రగణం కాదు. "కాటను దొర కట్టె కట్టడమ్మొక్కటి" అంటే సరిపోతుంది. అయినా అసలు చిక్కు వేరే ఉంది. 1852లో పూర్తయిన ఆ కట్ట పారే నీటిని నిలిపింది. సమస్యలో పారేదే నిలపాలి. నువ్వు తలకిందులు చేశావు. మళ్ళీ రాయి.

భీమవరం చెరువుగట్టు:

చుట్ట రెండు తగుల చోటైన లేకున్న
ఇనుపదిమ్మ లోన నెదురులేక
కానరాని బలము కరగక తిరుగాడి
పారునదియె రెంటిఁ బట్టి నిలిపె

రాజోలు బాబాయి: లంక పొగాకు చుట్టలా?

చెరువుగట్టు: కాదండీ, రాగితీగ చుట్టలు. రొయ్యల చెరువులో ఏరియేటర్లు తిరగాలంటే గట్టు మీద ట్రాన్స్‌ఫార్మర్ ఉండాలిగా. రెండు చుట్టల మధ్య ఒక్క తీగా కలవదు, కరెంటు మాత్రం అవతలికి వస్తుంది. ఆ దిమ్మలో తిరిగే ఫ్లక్స్‌నే తెలుగు ఫిజిక్సు పుస్తకంలో అయస్కాంత అభివాహం అని చదువుకున్నాం.

మాస్టారు: ఫారడే 1831లో కనిపెట్టిన కీలకమే మీ పద్యంలో జారిపోయింది. ఆ అభివాహం ఊరికే ఉంటే రెండో చుట్టలో ఏమీ పుట్టదు, అది మారుతూ ఉండాలి. "కానరాని బలము గడెగడె మారుచు" అంటే ఎలా ఉంటుంది?

చెరువుగట్టు: గడె అంటే 24 నిమిషాలు మాస్టారూ. మన కరెంటు సెకనుకి 50 చుట్లు తిరుగుతుంది. రొయ్యలు చస్తాయి.

(నవ్వి ఒప్పుకున్నాను. ఒకప్పటి ఇంగ్లీషులో రక్త విరేచనాలకీ ఫ్లక్స్ అనే మాటే. దాని మీద ఒక డాక్టరు గారు పంపిన పూరణ భోజనాల వేళ దాటాక పెడతాను.)

నరసాపురం ఆడపడుచు:

అత్తవారి యూరు ఆవలి గట్టున
పుట్టినిల్లు వెనుకఁ బొగులుచుండ
పంటు నడుమ నిలిచి పరికించి చూడఁగా
పారునదియె రెంటిఁ బట్టి నిలిపె

చెరువుగట్టు: పంటు పడవ మీద దాటే సఖినేటిపల్లి రేవు కళ్ళకు కట్టిందక్కా.

మాస్టారు: అమ్మా, 'యూరు' తర్వాత 'ఆవలి' అచ్చుతో మొదలైంది. సంధి చెయ్యకుండా వదిలేశారు, విసంధి దోషం. "అత్తవారి యూరదావలి గట్టున" అని దిద్దితే గణమూ, యతీ రెండూ నిలుస్తాయి.

ఆడపడుచు: తెలుసండీ. కలిపి కూడా చూశాను. కానీ 'ఊరు' అన్నాక నాకు ఊపిరి ఆగింది, మధ్యలో వశిష్ఠ గోదావరి ఉంది కదండీ. అక్కడ కలపబుద్ధి కాలేదు.

మాస్టారు: దోషం దోషమే, ఒక మార్కు తీశాను. పాదం మాత్రం దిద్దడం లేదు.