అంతా శూన్యమైతే దానశీలాలు దేనికి? నాగార్జునుని కారికలపై ఒక సందేహం

పర్లాకిమిడి పాఠకుడు:

మేము కొందరం ఆదివారాలు కూర్చుని బౌద్ధాచార్యుడైన నాగార్జునుని మూలమధ్యమకకారికలను చదువుకుంటున్నాము. మొదటి ప్రకరణమైన ప్రత్యయపరీక్ష (కారణాల విచారణ) పూర్తయ్యేసరికే మాలో రెండు పక్షాలు ఏర్పడ్డాయి. ఏ వస్తువూ తననుండి గానీ, పరంనుండి గానీ, రెంటినుండి గానీ, హేతువు లేకుండా గానీ పుట్టదని ఆచార్యుడు ఆరంభంలోనే అన్నాడు కనుక లోకమే లేదనీ, కర్మఫలమూ దానమూ శీలమూ పామరులను మభ్యపెట్టే మాటలేననీ ఒక మిత్రుని వాదన. శూన్యత ఉపనిషత్తులు చెప్పిన బ్రహ్మమేనని మాలో పెద్దాయన ఒకరు అంటారు. ఈ రెండూ నాకు సరిగా తోచడం లేదు గానీ, పొరపాటు ఎక్కడుందో చూపలేకపోతున్నాను. గ్రంథం చదివినవారు దయచేసి వివరించగలరు.

బరంపురం నుండి:

మీ మొదటి మిత్రుని ఆక్షేపణ గ్రంథంలోనే ఉన్నదండి. ఇరవైనాలుగవదైన ఆర్యసత్యపరీక్షలో మొదటి ఆరు శ్లోకాలూ పూర్వపక్షమే. అంతా శూన్యమైతే పుట్టుకా లేదు, నాశనమూ లేదు, నాలుగు ఆర్యసత్యాలూ, బుద్ధుడు, ధర్మం, సంఘం అనే త్రిరత్నాలూ లేనట్లేనని ప్రతివాది అంటాడు. దానికి ఆచార్యుడు వాదాన్ని తలకిందులు చేసి జవాబిస్తాడు. దుఃఖానికి తనదైన, మారని స్వభావమే ఉంటే అది ఎన్నటికీ తొలగదు, మార్గాన్ని అభ్యసించి ప్రయోజనమూ ఉండదు. కాబట్టి శూన్యత పొసగినవానికే సర్వమూ పొసగుతుంది. పద్దెనిమిదవ శ్లోకంలో ఆయన ‘యః ప్రతీత్యసముత్పాదః శూన్యతాం తాం ప్రచక్ష్మహే’ అని, అంటే ఇతరాలపై ఆధారపడి పుట్టడాన్నే శూన్యత అంటున్నామని, తేల్చిచెప్పాడు.

మీ ఊరినే చూడండి. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ప్రత్యేక రాష్ట్రమైనప్పుడు పర్లాకిమిడి అందులో చేరింది, జమీందారీలో కొంత భాగం మద్రాసులోనే ఉండిపోయింది. పాతపట్నం వెళ్లే దారిలో ఆ సరిహద్దు మట్టిలో కనబడదు, మేతకు పోయే గేదెకు దానితో పనిలేదు. అయినా అక్కడ బోర్డుల మీద ఒడియా అక్షరాలు పోయి తెలుగు అక్షరాలు వస్తాయి, పిల్లల పాఠ్యపుస్తకాలు మారతాయి, పొలం పట్టా కోసం వెళ్లవలసిన కచేరీ మారుతుంది. స్వభావం లేనంత మాత్రాన సరిహద్దు పనిచేయకుండా పోలేదు కదా!

జయపురం వాసి:

బరంపురం వారు చెప్పినది బాగున్నది గానీ, ఆ ఉదాహరణను అక్కడే విడిచిపెడితే కొత్త దృష్టి, అంటే పట్టుకుని వేలాడే మతం, ఒకటి తయారవుతుంది. గీత మనుషులు కల్పించినదే అయినా దాని కింది నేల మాత్రం గట్టి నిజమని చదువరి అనుకోవచ్చు. వైభాషికులనే బౌద్ధశాఖవారు సరిగ్గా అక్కడే ఆగారు. రథమూ పురుషుడూ పేరుకు మాత్రమే ఉన్నవని ఒప్పుకుని, వాటికి ఆధారమైన ధర్మాలకు (మూలాంశాలకు) స్వభావాన్ని అట్టేపెట్టారు. నాగార్జునుడు అసలు పట్టుకున్నది ఆ మిగిలిన ముక్కనే. అయిదవదైన ధాతుపరీక్షలో ఆకాశాన్ని తీసుకుని, లక్షణం లేకుండా లక్ష్యం (ఆ లక్షణం గల వస్తువు) నిలవదనీ, లక్ష్యం లేకుండా లక్షణం నిలవదనీ చూపి, నేల, నీరు వంటి మిగిలిన ధాతువులకూ ఇదే వర్తిస్తుందని ముగించాడు. మీ నేల కూడా అంతే. గట్టిదనాన్ని తీసి పక్కన పెట్టి, ఇదిగో నేల అని ఎవరూ చూపలేరు.

పెద్దాయన మాటకు వస్తే, శంకర భాష్యం చదివిన తరువాత మధ్యమకానికి, అంటే నాగార్జునుని దర్శనానికి, వచ్చేవారిలో ఈ అభిప్రాయం తరచుగా కనబడుతుంది, అందులో వింతేమీ లేదు. అయితే అద్వైతుల బ్రహ్మం దేనిమీదా ఆధారపడనిది. ఇక్కడ శూన్యత సైతం ఆధారాన్నిబట్టి చేసిన ప్రజ్ఞప్తి (వ్యవహారానికి పెట్టుకున్న పేరు) మాత్రమేనని అదే పద్దెనిమిదవ శ్లోకం రెండవ సగంలో ఉన్నది. పదమూడవ ప్రకరణం చివరి శ్లోకం ఇంకా కఠినమైనది: సర్వదృష్టులనుండి బయటపడడానికే జినులు (బుద్ధులు) శూన్యతను చెప్పారు, శూన్యతనే దృష్టిగా పట్టుకున్నవారిని అసాధ్యులు, అంటే బాగుచేయ వీలుకానివారు, అన్నారు. దీనికి ఈ కారికల వ్యాఖ్య అయిన ప్రసన్నపదలో చంద్రకీర్తి చెప్పిన ముచ్చట నాకు చాలా ఇష్టం. నీకు అమ్మడానికి నా దగ్గర ఏమీ లేదని వర్తకుడు అంటే, సరే, ఆ ‘ఏమీ లేదు’ అనే సరుకునే ఇవ్వమని అడిగాడట ఒకడు! మీ మిత్రులిద్దరూ ఆ సరుకునే మోసుకుపోతున్నారు, ఒకరు నాస్తి అని, మరొకరు బ్రహ్మమని పేరు పెట్టి.

మోహన నుండి:

మాకు దగ్గరలోని చంద్రగిరిలో 1960లలో స్థిరపడిన టిబెటన్ల విహారం ఉన్నది. వారి సంప్రదాయంలో ఈ కారికలను చంద్రకీర్తి మధ్యమకావతారంతో జోడించి చదువుతారు. ఆ గ్రంథంలో ప్రజ్ఞను గూర్చిన ఆరవ భాగానికి ముందు దానం, శీలం, క్షాంతి (ఓర్పు), వీర్యం (సత్కార్యాల్లో ఉత్సాహం), ధ్యానం వరుసగా వస్తాయి. ఆ వరుస మీ మిత్రునికి చూపండి.

దానికన్నా ముందు నాగార్జునుడే ఒక రాజుకు రాసిన రత్నావళిని చదివితే మేలు. ఆ రాజు శాతవాహనుడని సంప్రదాయం. అందులో శూన్యతా విచారం నడుస్తూండగానే, ప్రజల కోసం చలివేంద్రాల దగ్గర చెప్పులు, గొడుగులు, ముళ్లు తీసే పట్టకార్లు, సూదులు, దారం, విసనకర్రలు ఉంచమనీ, చీమల పుట్టల దగ్గర తిండీ నీళ్లూ బెల్లమూ పెట్టించమనీ రాజుకు చెప్పాడు. దానాన్ని మభ్యపెట్టే మాట అనుకున్నవాడు పట్టకార్ల దాకా ఎందుకు రాస్తాడు?

పర్లాకిమిడి పాఠకుడు:

అందరికీ కృతజ్ఞతలు. వచ్చే ఆదివారం వరుస తప్పించి ఇరవైనాలుగవ ప్రకరణమే ముందు చదువుదామని మావాళ్లతో చెప్పాను. పెద్దాయన ఒప్పుకున్నారు గానీ, బ్రహ్మం సంగతి మాత్రం ఇంకా తేలలేదంటున్నారు.