ముత్తాతగారి పెట్టె: తాళపత్రాలు తీసుకుంటారట, ఉత్తరాలు వద్దట. ఏం చేయమంటారు?

మహేంద్రతనయ ఒడ్డు:

మాది పర్లాకిమిడి. ఇల్లు ఒడిశాలో ఉంది, ఉన్న రెండెకరాలూ పాతపట్నం వైపు ఆంధ్రలో ఉన్నాయి. ఇంటి పన్ను రసీదు ఒడియాలో వస్తుంది, పొలం కాగితాలు తెలుగులో ఉంటాయి. ఇదంతా ఎందుకంటే, నా చిక్కులో సగం ఈ సరిహద్దుదే.

వేసవిలో పెంకులు దింపించినప్పుడు అటక మీది నుంచి ముత్తాతగారి రేకు పెట్టె కిందికి వచ్చింది. ఆయన జమీందారీ ఎస్టేటు కచేరీలో గుమాస్తా. పెట్టెలో ఎర్రగుడ్డ చుట్టిన తాళపత్రాల కట్టలు రెండు, చిట్టా పుస్తకాలు పదకొండు, ఇనప తీగకు గుచ్చిన ఉత్తరాల దండ ఒకటి ఉన్నాయి. తీగకు అడుగున చెక్క బిళ్ల, పైన కొక్కెం. పాత కిరాణా కొట్లలో చీటీలు గుచ్చి వేలాడదీసేవారు చూడండి, అదే. ప్రతి ఉత్తరానికీ నడుమ తుప్పు రంగు చిల్లు ఉంది. అడుగున పావు అణా కార్డులు, పైకి వచ్చేసరికి 1936 నాటివి. ఆ ఏడాది ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడి మా ఊరు అటు వెళ్లింది. టెక్కలిలో ఉన్న ముత్తాత తమ్ముడు రాసిన కార్డు ఇది: "ఇకమీదట నా పేరు కింద గంజాం జిల్లా అని వ్రాయవద్దు, విశాఖపట్నం జిల్లా అని వ్రాయవలెను. నేను ఇల్లు మారలేదు."

ఒక గ్రంథాలయం తరఫున ఇద్దరు వచ్చి చూశారు. తాళపత్రాలు ఇవ్వండి, కాగితాలు మాకు అక్కర్లేదు అన్నారు. పెద్ద కట్ట పోతన భాగవతం, అష్టమ స్కంధం. చివరి ఆకు మీద "పరీధావి నామ సంవత్సర మార్గశిర బహుళ" వరకు చదవగలిగాను. చిన్న కట్ట వైద్యానిది, నడుమ నడుమ ఒడియా గీతలున్నాయి, ఫోటో పెట్టాను. మా పెదనాన్న ఇవి మూడు వందల ఏళ్ల నాటివని ఊరంతా చెప్పేశారు. మా అత్తయ్య శ్రీముఖలింగం వెళ్లి వంశధారలో కలిపేసి దండం పెట్టుకోమంటుంది. ఈలోగా ఒకతను వచ్చి ఆకుకు ఇంత అని బేరం పెట్టి వెళ్లాడు. పెదనాన్నకు ఇంకో ఆశ కూడా ఉంది. గిడుగు రామమూర్తి గారు 1936 దాకా ఈ ఊళ్లోనే ఉన్నారు కదా, ఆ దండలో ఆయన చేతి కార్డు ఒక్కటైనా ఉండకపోతుందా అని. ఒక్కొక్కటీ చూశాను, లేదు.

ఆకులు ఇచ్చేసి కాగితాలు ఉంచుకోమంటారా? ఆకులకు నిమ్మగడ్డి నూనె రాయమని ఎవరో చెప్పారు. సీసా తెచ్చి పెట్టుకున్నాను, రాయనా?

బరంపురం కోడలు:

మీరు పెట్టిన ఫోటో పెద్దది చేసి చూశాను. అవి ఉత్త గీతలు కావండీ, కరణి. కరణాలు లెక్కలకూ పత్రాలకూ వాడిన గొలుసుకట్టు ఒడియా రాత. బడిలో ఒడియా చదువుకున్న మా పిల్లలకే అది అందదు. నాకు మా మామగారు నేర్పారు. మధ్యాహ్నం భోజనాలయ్యాక పాత దస్తావేజులు పరిచి, "ఇదేమిటో చెప్పు" అని పరీక్ష పెట్టేవారు. కొత్త కోడలికి వేరే వ్యాపకం లేదు మరి.

మీ ఆకు మీద తెలుగులో శొంఠి, పిప్పళ్లు, తేనె అని ఉంటే దాని పక్కనే కరణిలో ఎంత వేయాలో ఉంది. అంటే చెప్పినవాళ్లు ఒకరు, వాడినవాళ్లు ఒకరు అనుకుంటాను. చివర "అంకం 19" అని ఉంది. దాన్ని చూసి రాజు గద్దెనెక్కిన 19వ ఏడు అనుకోకండి, నేనూ మొదట అలాగే బోల్తా పడ్డాను. ఒడిశా అంకం లెక్కే వేరు. 1 ఉండదు, 2 తో మొదలవుతుంది. చివర 6 వచ్చే అంకెలు, సున్న వచ్చే అంకెలు వదిలేస్తారు, 10 ఒక్కటే మినహాయింపు. అలా లెక్కపెట్టుకుంటూ వస్తే అంకం 19 అంటే నిజానికి 16వ ఏడు. కొత్త అంకం ఉగాదికి కాదు, భాద్రపద శుద్ధ ద్వాదశికి మారుతుంది, సునియా అంటారు.

ఆ కట్టను తెలుగు ఆకులు అటు, ఒడియా ఆకులు ఇటు అని మాత్రం విడదీయకండి. మా ఇంట్లో అన్నదమ్ముల పంపకాల్లో ఆ పని జరిగింది. ఇప్పుడు మందు ఒకరింట్లో ఉంది, మోతాదు ఇంకొకరింట్లో ఉంది.

తీరిక లేని మనిషి:

ఇంత ఆలోచన ఎందుకు? అన్నీ ఫోనుతో ఫోటోలు తీసి నెట్‌లో పెట్టండి. పెట్టె వదిలించుకోండి. పోతన భాగవతం అచ్చులో ఎన్నో సార్లు వచ్చింది. పాలవాడి బాకీలు, జిల్లా పేరు మారిందన్న కార్డులు ఎవరు చదువుతారు?

గంటం:

తీరిక లేని మనిషి గారూ, నేను చదువుతాను. ముప్ఫై ఏళ్లు అదే ఉద్యోగం చేశాను, లిఖిత పుస్తకాలకు వివరణ జాబితాలు రాయడం.

ముందు నూనె సీసాకు మూత పెట్టేయండి. వ్రాయసకాళ్లు పుస్తకం చివర రాసుకునే పాత శ్లోకం ఒకటుంది, "తైలాద్రక్షేత్ జలాద్రక్షేత్" అని. నన్ను నూనె నుంచి కాపాడు, నీటి నుంచి కాపాడు అని పుస్తకమే మొరపెట్టుకుంటుంది. గంటంతో గీసి మసి పూసిన ఆకు పెళుసెక్కితే నిమ్మగడ్డి నూనె మెత్తబరుస్తుంది, నిజమే. కానీ అది చేయి తిరిగినవాళ్ల పని. సిరాతో రాసిన ఆకు ఒక్కటి నడుమ ఉన్నా అలుక్కుపోతుంది. మీరు చేయవలసింది మెత్తని కుంచెతో దుమ్ము దులపడం, ఎడమ అంచున ఉన్న ఆకుల అంకెలు సరిచూసుకోవడం, ఆ వరసలోనే రెండు వైపులా ఫోటోలు తీయడం. ఎండలో పెట్టవద్దు. చిరిగిన ఉత్తరాలకు సెల్లోటేపు అసలే వద్దు, కొన్నేళ్లకు ఆ జిగురు పసుపెక్కి అక్షరాన్ని తినేస్తుంది. గ్లవ్స్ కోసం వెతుక్కోకండి, కడిగి ఆరబెట్టుకున్న చేతులు చాలు.

ఆ దండను చూసి నాకు ప్రాణం లేచి వచ్చింది. తీగకు గుచ్చిన వరస అంటే ఉత్తరాలు ఇంటికి చేరిన వరస, తేదీ లేని కార్డుకు కూడా అదే సాక్ష్యం. ముందు దండను ఉన్నదున్నట్టు ఫోటో తీయండి. ప్రతి ఉత్తరం మూల మీద పెన్సిలుతో అంకె వేయండి, పెన్ను వద్దు. విడదీసేటప్పుడు ఉత్తరాన్ని తీగ మీదుగా లాగకండి, చిల్లు చిరుగుతుంది. ఉత్తరాల నడుమ తీగనే ముక్కలుగా కత్తిరించండి.

ఇక మూడు వందల ఏళ్ల సంగతి. పెదనాన్నగారు మన్నించాలి. పరీధావి అరవై ఏళ్లకోసారి తిరిగి వస్తుంది. 1852-53 పరీధావే, 1912-13 పరీధావే, అంతకు ముందువీ ఉన్నాయి. ఏదో తేల్చమని ఆకును అడిగితే చెప్పదు, చిట్టాను అడగండి. మద్రాసు వైపు కచేరీ గుమాస్తా కాబట్టి ఫసలీ, అంటే శిస్తు లెక్కల సంవత్సరం, వేసి ఉంటాడు. ఫసలీకి 590 కలిపితే ఇంగ్లీషు సంవత్సరం వస్తుంది, జూలై 1న మారుతుంది. పరీధావి మార్గశిరం 1912లోదైతే ఫసలీ 1322. ఆ ఏటి పుస్తకం ఉందేమో చూడండి. పుస్తకం రాయించినవాడు డబ్బు ఇచ్చి ఉంటాడు, డబ్బు ఇచ్చిన గుమాస్తా దాన్ని రాయకుండా ఉండడు.

కాగితాలు అక్కర్లేదన్నవాళ్లను నేను తిట్టలేను. ఆ తప్పు నేనూ చేశాను. ఒక ఇంటి నుంచి నలభై కట్టలు తెచ్చాం. వాటితో వచ్చిన గోనెసంచి నిండా కాగితాలుంటే, చోటు లేదని వెనక్కి పంపించింది నేనే. తరువాత ఆ కట్టలకు జాబితా రాశాను: తాటాకు, తెలుగు, ఇన్ని సెంటీమీటర్లు, ఇన్ని ఆకులు, పుటకు ఆరు పంక్తులు, సమగ్రం. ఎవరు రాయించారు, ఎందుకు, ఎప్పుడు అన్న గడులు ఖాళీ. కొన్నేళ్లకు ఒక పరిశోధక విద్యార్థిని వచ్చి సరిగ్గా ఆ ఖాళీ గడుల గురించే అడిగింది. ఆ ఇంటికి వెళ్లాను. సంచి నీళ్ల కాగు కిందికి పోయిందన్నారు. ఇంటావిడ మజ్జిగ ఇచ్చి, "మీరే కదండీ వద్దన్నారు" అన్నారు.

దక్షిణాదిలో పాత రాతలు సేకరించిన కల్నల్ మెకంజీ 1821లో పోయాడు. ఆయన సేకరణలో కైఫియత్తులే (ఊళ్ల చరిత్రలే) కాదు, ఊరూరా తిరిగిన ఆయన మనుషులు పంపిన ఉత్తరాలు, నివేదికలు కూడా మిగిలాయి. అందుకే కావలి బొర్రయ్య, లక్ష్మయ్య సోదరులు ఏ పని చేశారో ఈనాడు చెప్పగలుగుతున్నాం. మద్రాసులో 1869లో మొదలైన ప్రాచ్య లిఖిత పుస్తక భాండాగారానికి ఆ మెకంజీ సేకరణ, బ్రౌన్ సేకరణ మూలధనంలో భాగం.

బేరం పెట్టినవాణ్ణి గుమ్మం ఎక్కనీయకండి. 75 ఏళ్లు దాటిన, చారిత్రక లేదా సాహిత్య విలువ ఉన్న లిఖిత ప్రతి 1972 నాటి పురావస్తువుల చట్టం కిందికి వస్తుంది. లైసెన్సు లేకుండా వాటి వ్యాపారం చేయకూడదు, దేశం దాటిస్తే నేరం. పైగా ఆకుల లెక్కన అమ్మితే అది పుస్తకం కాదు, గోడ అలంకారం.

పెట్టె మొత్తం ఒక్క చోటికి, ఒక్క పేరు మీద ఇవ్వండి. జాబితా జతచేసి దానపత్రం రాయించుకోండి. చదువుకోవడానికి వచ్చినవారికి చూపించాలని అందులో ఉండాలి. ఒక మాట, కార్డు మీ సొత్తే కానీ దాని మీది రాత హక్కు రాసినవారిది, వారి వారసులది. టెక్కలి వారి సంతానానికి ముందే ఒక మాట చెప్పండి. భువనేశ్వర్‌లో రాష్ట్ర మ్యూజియం ఉంది, విశాఖలో ఆంధ్ర విశ్వవిద్యాలయం గ్రంథాలయం ఉంది, కాకినాడలో ఆంధ్ర సాహిత్య పరిషత్తు ఉంది. పరిషత్తు ఒకప్పుడు గిడుగు వారి వ్యావహారిక వాదానికి ఎదురు నిలిచిన సంస్థ. ఆ దండలో గిడుగు వారి కార్డు దొరికి ఉంటే దాన్ని అక్కడికే పంపమనేవాణ్ణి, ఆ వినోదం చూడాలని.

మహేంద్రతనయ ఒడ్డు:

ఆలస్యానికి మన్నించండి. అత్తయ్య చిట్టాలను బియ్యం డబ్బా వెనక దాచేసింది, వంశధార ప్రయాణానికి. అవి ఆమె నానమ్మ తద్దినాల లెక్కలని చదివి వినిపించాక ఆమే తెచ్చి ఇచ్చింది.

గంటం గారూ, ఫసలీ 1322 పుస్తకం ఉంది. కార్తీకంలో ఒక పద్దు: "అమ్మగారి ఆబ్దికమునకు పుస్తక దానం నిమిత్తం భాగవతం అష్టమం వ్రాయసమునకు బయానా రు. 1-0-0." పది రోజుల తరువాత ఇంకొకటి: "పుస్తకం రానందున బదులు పంచెల చాపు దానం రు. 1-4-0." మార్గశిరంలో మూడోది: "భాగవతం ముట్టినది. వ్రాయసమునకు బాకీ రు. 1-8-0, ఆలస్యమునకు 0-4-0 తగ్గించి ఇచ్చినది రు. 1-4-0."

దానం ఇవ్వవలసిన పుస్తకం వందేళ్లకు పైగా మా అటక మీద ఎందుకుందో అప్పుడు తెలిసింది. మూడు వందల ఏళ్లు కాస్తా 1912కి దిగేసరికి పెదనాన్న రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు వచ్చి ఆ పద్దులు ఇంకోసారి చదవమన్నారు.

మొదట వచ్చిన గ్రంథాలయం వారికి ఫోను చేసి, ఇస్తే పెట్టెతో సహా ఇస్తాను, లేకపోతే లేదు అని చెప్పాను. అడిగి చెబుతామన్నారు. ఇంకో చోటికి కూడా రాశాను. చిన్న కట్ట ఫోటోలన్నీ బరంపురం కోడలు గారికి పంపుతున్నాను, మోతాదులు చదివి పెట్టాలి.

నిన్న దీపం వెలుగు ఏటవాలుగా పడేలా పెట్టి చివరి ఆకు మిగతా రెండు పంక్తులూ కూడబలుక్కున్నాను. "త్వరితముగా వ్రాసితిని, తప్పులు దిద్దుకొని చదువవలెను" అని ఉంది. చిట్టాలో ఆ నాలుగణాలు తగ్గించిన చోట ముత్తాతగారి కలం కాగితాన్ని కాస్త చీల్చింది.