కంది ప్రొటీన్ ఫ్యాక్టరీ: మన పాలమూరులో నడుస్తుందా?

మక్తల్‌వాడు
అందరికీ నమస్తే. మా రైతు సంఘంలో మూడొందల మందికి పైగా ఉన్నాం. వానాకాలం వస్తే కంది, పత్తి తప్ప మాకు మూడో మాట లేదు. 2024-25లో కందికి మద్దతు ధర క్వింటాకు 7,550. నారాయణపేట యార్డుకు తోలితే దానికంటే నాలుగొందలు తక్కువకు అమ్ముకుని వచ్చాం. 2025-26కు మద్దతు ధర 8,000 అన్నారు, యార్డులో ఎంత పలుకుతుందో దేవుడికి తెలియాలి.

ఆలోచన ఏంటంటే, కందిని పప్పుగా అమ్మకుండా పిండి పట్టి, అందులోని ప్రొటీన్‌ను వేరు చేసి అమ్మే చిన్న ఫ్యాక్టరీ పెడదామని. ప్రొటీన్ పౌడర్లు, శాకాహార కబాబులు చేసే కంపెనీలు బఠాణీ ప్రొటీన్ వాడుతున్నాయి. మన కందిలో 22 శాతం ప్రొటీన్ ఉంది, మనమెందుకు ఇవ్వకూడదు? ఐదేళ్ల పాటు కంది మాకే ఇస్తామని సభ్యులు ఒప్పందం రాసిస్తే బ్యాంకు లోను వస్తుందంటున్నారు. తాండూరు కందికి 2022లో జీఐ (భౌగోళిక) గుర్తింపు వచ్చింది కదా, ఆ పేరు కూడా కలిసొస్తుందేమో. ఈ రంగం తెలిసినవాళ్లు చెప్పండి.

ఎర్రచెలక
22 శాతం అని ఎవరు చెప్పారు?

మక్తల్‌వాడు
ఏ పుస్తకం తీసినా అదే ఉంటుందన్నా.

ఎర్రచెలక
పుస్తకంలో కంది సంగతి కాదు తమ్మీ. మీ చేలో కంది ఎంత?

జడ్చర్ల జంక్షన్
ముద్దపప్పు అన్నంలో కలుపుకుని తింటే అయిపోయేదానికి ఇన్ని కోట్లా!

పప్పుమిల్లు
నాకు నారాయణపేట దగ్గర మిల్లు ఉంది, లెక్క నేను చెప్తా. క్వింటా కంది ఆడిస్తే 70 కిలోల పప్పు వస్తుంది, బాగా ఆడితే ఇంకో రెండు మూడు కిలోలు. కంది పొట్టు శనగ పొట్టులా ఊడదు, గింజకు జిగురుతో అంటుకుని ఉంటుంది. నూనె రాయాలి, ఆరబెట్టాలి, నీళ్లు చల్లాలి, మళ్లీ ఎండబెట్టి మళ్లీ ఆడాలి. అప్పటికీ కొంత నూక అవుతుంది.

72 కిలోల పప్పు అనుకుందాం. అందులో 22 శాతం అంటే దాదాపు 16 కిలోల ప్రొటీన్. అదంతా బయటికి రాదు. నాలుగో వంతు పోయినా 12 కిలోలు మిగులుతుంది. కంది 8,000కు కొంటే కిలో ప్రొటీన్ మీద కంది ఖర్చే 650 దాటింది. కరెంటు, కూలీ, కిస్తీ ఇంకా కలపలేదు. మిగిలిన యాభై అరవై కిలోల పిండిపదార్థం ఎవరు కొంటారు? అది అమ్ముడుపోకపోతే మీది ప్రొటీన్ ఫ్యాక్టరీ కాదు, గంజి ఫ్యాక్టరీ.

తాండూరు పేరు తాండూరు ప్రాంతపు కందికే. మక్తల్ కందికి పెట్టుకుంటే కేసు అవుతుంది. పెట్టుకున్నా, ఆ పేరు రుచికి వచ్చింది. పొడి చేశాక ఆ రుచి ఎవరికి తెలుస్తుంది?

దేవరకద్ర కోడలు
ఒక చిన్న డౌటు. మేం తిండికి ఉంచుకున్న కంది మిల్లులో ఆడిస్తే చున్నీ, అంటే పొట్టూ నూకా కలిసిన దాణా, ఇంటికి తెచ్చుకుంటాం, బర్రెలకు. ఫ్యాక్టరీకి ఇస్తే చున్నీ ఎవరికి?

బత్తాయితోట
మాది నల్లగొండ. మా దగ్గర కంది అంటే పత్తి సాళ్ల మధ్య వేసుకునేది, ఇంటికి సరిపోగా మిగిలితే అమ్ముతాం. అయినా ఒక మాట. 2023 డిసెంబరులో కేంద్రం పసుపు బఠాణీ మీద దిగుమతి సుంకం ఎత్తేసింది. ఆ తర్వాత 2025 దాకా గడువు పెంచుకుంటూ పోయారు. కెనడా నుంచి, రష్యా నుంచి ఓడలు దిగాయి. కంది ధర పడటానికి అదీ ఒక కారణం. రేపు మీ పౌడర్ పోటీ పడాల్సింది పక్క ఊరి మిల్లుతో కాదు, ఆ ఓడతో.

సబ్సిడీ కావాలంటే, చిన్న ఆహార తయారీ యూనిట్లకు కేంద్రం పెట్టిన పీఎంఎఫ్‌ఎంఈ పథకం ఇంకా ఉందేమో చూడండి. చిన్న యూనిట్‌కు ఖర్చులో 35 శాతం, 10 లక్షలు మించకుండా ఇస్తారు. కోట్ల ఫ్యాక్టరీకి అది ఏ మూలకూ రాదు.

మటన్ ముక్క
ఆదివారం పూట కంది కబాబు పెడితే మా నాయన నన్ను ఇంట్లోంచి వెళ్లగొడతాడు.

పిండివంట
నేను ఫుడ్ టెక్నాలజీ చదివాను, ఇప్పుడు అదే పని. పద్ధతులు రెండున్నాయి.

తడి పద్ధతిలో పప్పు పిండిని నీళ్లలో కలిపి కొంచెం క్షారం వేస్తారు. ప్రొటీన్ నీళ్లలోకి దిగుతుంది, పిండిపదార్థం, పీచు అడుగున ఉండిపోతాయి. పై నీటిని వేరు చేసి ఆమ్లం కలుపుతూ పీహెచ్‌ను (పులుపు కొలతను) 4.5 దగ్గరకు తెస్తే, నిమ్మకాయ పిండిన పాలలా ప్రొటీన్ విరిగి కిందికి దిగుతుంది. దాన్ని కడిగి, వేడిగాలిలో చిమ్మి పొడి చేస్తారు. అందులో 80 శాతం పైగా ప్రొటీనే. కానీ కిలో పిండికి పది లీటర్ల దాకా నీళ్లు కావాలి. ఆ నీళ్లను శుద్ధి చేయకుండా వదిలారా, రెండు రోజుల్లో ఊరంతా పులిసిన కంపు.

పొడి పద్ధతిలో నీళ్లతో పనిలేదు. పప్పును మెత్తటి పౌడర్‌లా పట్టి గాలిలో తేలిస్తే బరువైన పిండి రేణువులు ఒకవైపు, తేలికైన ప్రొటీన్ రేణువులు ఒకవైపు పడతాయి. 50 శాతం అటూ ఇటూ వస్తుంది. జిమ్ డబ్బాలకు పనికిరాదు, బిస్కెట్లకు, పాస్తాకు, మీల్ మేకర్ లాంటి వాటికి చాలు. సోయాలో నూనె ఉంటుంది, ముందు అది తీయాలి. కందికి ఆ బాధ లేదు. పచ్చివాసన మాత్రం ఉంటుంది, అది పోగొట్టడమే అసలు తలనొప్పి.

నన్నడిగితే నిండు కంది కొనకండి. మిల్లుల్లో నూక కొని పొడి పద్ధతిలో మొదలుపెట్టండి.

జడ్చర్ల జంక్షన్
నీళ్లు, కంపు అన్నారు కాబట్టి గుర్తుచేస్తున్నా. 2023లో చిత్తనూరులో ఇథనాల్ ఫ్యాక్టరీ మీద జనం ఎట్లా లేచారో చూశాం కదా. మీ బోర్డు మీద ప్రొటీన్ అని రాసినా ఊళ్లో జనం మొదట అడిగేది పైపు ఎటు పోతుందనే.

మక్తల్‌వాడు
పిండివంట అక్కా, థాంక్స్. కానీ నూక కొంటే రైతుకు ఏం మిగులుతుంది? లాభం మిల్లుకే పోతుంది కదా.

పప్పుమిల్లు
మిల్లువాడు బతకకూడదని ఎక్కడన్నా రాసుందా తమ్ముడూ? సీజన్‌లో మూడు నెలలు ఆడిస్తా, మిగతా కాలం కరెంటు బిల్లు చూసుకుంటూ కూర్చుంటా.

ఎర్రచెలక
నా ప్రశ్నకు ఇంకా జవాబు రాలేదు. 22 ఎవరు కొలుస్తారు?

మక్తల్‌వాడు
పొద్దుటి నుంచి మీకు 22 తప్ప ఇంకో మాట లేదా? 22 కాకపోతే 21. దాంతో కొంపలు మునుగుతాయా? ఎవరన్నా ఒక పని తలపెడితే కాలు అడ్డం పెట్టడమే. మీలాంటి పెద్దమనుషుల వల్లే మన జిల్లా ఇంకా బస్సెక్కి వలస పోతోంది.

ఎర్రచెలక
కొంపలు మునిగాయి కాబట్టే అడుగుతున్నా.

మాది ఐజ వైపు. ఎకరన్నర సీడ్ పత్తి వేశా. సీడ్ పత్తి అంటే ఏంటో తెలుసా నీకు? కంపెనీకి విత్తనం పండించి ఇచ్చే పత్తి. సాయంత్రం మొగ్గ మొగ్గనూ విప్పి, గోటితో కేసరాలు తీసేయాలి. తెల్లారి మగ పువ్వు తెచ్చి ఆ మొగ్గకు రుద్దాలి. రెండు నెలలు మా ఇంట్లో ఎవరూ కడుపునిండా నిద్రపోలేదు. నా భార్య గోళ్లు నల్లబడి చివర్లు చీలిపోయాయి. గింజను ఆర్గనైజర్‌కు, అంటే కంపెనీకీ మాకూ మధ్యనుండేవాడికి, అప్పజెప్పాం. చేతికి డబ్బు రాలేదు, చీటీ వచ్చింది.

నెలల తర్వాత జీవోటీ ఫెయిల్ అన్నారు. అంటే మన గింజను వాళ్లు ఎక్కడో నాటి, మొలిచిన మొక్కలు చూసి శుద్ధం కాదని చెప్పడం. ఎక్కడ నాటారు? చూపలేదు. ఫెయిలైన నా గింజ ఏది? తిరిగివ్వలేదు. కంపెనీని అడిగితే ఆర్గనైజర్‌ను అడగమంది, ఆర్గనైజర్‌ను అడిగితే కంపెనీని అడగమన్నాడు. అడ్వాన్సు మీద వడ్డీ మాత్రం లెక్కగట్టి వసూలు చేశారు.

ఇప్పుడు చెప్పు. నీ ఒప్పందంలో 22 అని రాసి, మీ ల్యాబువాడు 20 అంటే నా కందికి ఎంత కోత?

బత్తాయితోట
ఇది ముందే చెప్పి ఉంటే సగం గొడవ ఉండేది కాదు పెద్దాయనా.

పిండివంట
ఆయన అడిగింది సరైన ప్రశ్నే, నేనే మొదట పట్టించుకోలేదు. ల్యాబులో ప్రొటీన్‌ను నేరుగా కొలవరు. గింజలో నత్రజని కొలిచి 6.25తో గుణిస్తారు. తేమను బట్టి కూడా అంకె మారుతుంది. పూర్తిగా ఎండిన లెక్కన 24 శాతం ఉన్న కంది, 10 శాతం తేమలో 21.6 చూపిస్తుంది. 14 శాతం తేమలో 20.6కు దిగుతుంది. గింజ అదే, రైతు అతనే. ఏ లెక్కన కొలుస్తారో రాయకుండా ఎవరూ సంతకం పెట్టొద్దు. రకాన్ని బట్టీ తేడా వస్తుంది. పాలెం పరిశోధన స్థానం వాళ్ల పీఆర్‌జీ 176 ఒకలా ఉంటే, పాత దీర్ఘకాలిక రకం ఇంకోలా ఉండొచ్చు.

పప్పుమిల్లు
యార్డులో తేమ 12 దాటిందని కొనుగోలు కేంద్రంవాళ్లు వెనక్కి పంపినా ఇదే లొల్లి. కాకపోతే అక్కడ మిషన్ కళ్ల ముందు ఉంటుంది.

మక్తల్‌వాడు
అన్నా, వలస మాట అనకుండా ఉండాల్సింది. తప్పే. మూడు శాంపిళ్లు తీద్దాం: ఒకటి ఫ్యాక్టరీకి, ఒకటి బయటి ల్యాబుకు, ఒకటి రైతు దగ్గర. అప్పుడు ఒప్పుకుంటారా?

ఎర్రచెలక
శాంపిల్‌కు ఒప్పుకుంటా. ఐదేళ్లకు ఒప్పుకోను. 2024 మొదట్లో కంది 10 వేలు దాటింది. ఒప్పందం ఉందని ఏడు వేలకు పోయాలా?

మక్తల్‌వాడు
అంటే ధర పెరిగితే బయట అమ్ముకుంటారు, పడితే ఫ్యాక్టరీ కొనాలి. ఇదెక్కడి న్యాయం? ఫ్యాక్టరీ మీదే కదా!

ఎర్రచెలక
మాదేనా? వాటాలు ఎవరి పేరున ఉంటాయి?

మక్తల్‌వాడు
సంఘానికి 49. హైదరాబాద్‌లో ఒక ఫ్రెండ్ పెట్టుబడి పెడతానన్నాడు, అతనికి 51. అంత డబ్బు పెట్టేవాడు ఊరికే పెట్టడు కదా.

బత్తాయితోట
మొదటి పోస్టులో ఈ ముక్క లేదే!

ఎర్రచెలక
అదీ సంగతి. 51 వాడిదైతే నేను రైతును. 51 సంఘానిదైతే ఐదేళ్లు కాదు, పదేళ్లు పోస్తా, నష్టంలో కూడా.

మక్తల్‌వాడు
అంత డబ్బు సంఘం దగ్గర లేదన్నా.

పప్పుమిల్లు
కోట్లు కాకుండా చిన్నగా చూడు. నా దగ్గర నూక రెండు క్వింటాళ్లు తీసుకెళ్లు, డబ్బులు తర్వాత. పొడి పద్ధతి మిషన్ ఉన్నచోట ఆడించి, ఎంత వస్తుందో, ఎవరు ఎంతకు అడుగుతారో చూడు. ఫ్రెండ్ సంగతి ఆ తర్వాత.

పిండివంట
తీసుకొస్తే టెస్టు నేను చేయిస్తా. తేమ ఎంతో, ఏ లెక్కనో రాసి ఇస్తా.

ఎర్రచెలక
మూడో సంచి నా దగ్గర పెట్టండి. సీలు మీద రైతు సంతకం ఉండాలి, వేలిముద్ర అయినా సరే.

దేవరకద్ర కోడలు
చున్నీ సంగతి ఇంకా ఎవరూ చెప్పలేదు.