నాయిస్, డ్రోన్, ఇండస్ట్రియల్ సంగీతాలు కలిపిన సంకలనానికి లెవెల్స్ ఎలా సరిచూడాలి?

టేప్‌లూప్:
14 మంది ట్రాకులు, మొత్తం 76 నిమిషాలు. సీడీ, క్యాసెట్ రెండూ వెయ్యాలి. డ్రోన్ ట్రాకులు (ఒకే శబ్దాన్ని సాగదీసేవి) మైనస్ 24 ఎల్‌యూఎఫ్‌ఎస్ (వినబడే బిగ్గరతనానికి కొలత) దగ్గర, హార్ష్ నాయిస్ ట్రాకులు మైనస్ 5 దగ్గర ఉన్నాయి. అన్నిటినీ మైనస్ 14కి తెస్తే డ్రోన్ గదంతా ఊగిపోతోంది, నాయిస్ చప్పబడింది. పైగా 8, 9 ట్రాకులు గ్యాప్ లేకుండా సాగాలి, కానీ మధ్యలో టిక్కుమంటోంది. శాంపిల్ రేటు కొన్ని ఫైళ్లకి 48 కిలోహెర్ట్జ్, కొన్నిటికి 44.1. రెండు మాత్రం ఎంపీ3లు.

మోనోసమ్:
ముందు ఆ మైనస్ 14ని వదిలెయ్యండి. అది స్ట్రీమింగ్ వాళ్ల లెక్క, సీడీకి దాంతో పనిలేదు. మీటరు చెవిలా వినదండీ. లోతైన బేస్‌ని తక్కువగా, 2 కిలోహెర్ట్జ్ పైనున్న దాన్ని సుమారు 4 డీబీ ఎక్కువగా లెక్కేస్తుంది. అందుకే సబ్‌బేస్ డ్రోన్ అంకెల్లో చిన్నగా కనబడుతుంది. దాన్ని 10 డీబీ లేపితే గది ఊగదూ మరి?

మానిటర్ వాల్యూమ్ ఒకచోట పెట్టి, ఇక ముట్టుకోకండి. ఒక ట్రాకు చివరి 20 సెకన్లు, తర్వాతి దాని మొదటి 20 సెకన్లు వరసగా విని, ఒక్కో డీబీ చొప్పున మార్చండి. డ్రోన్ మైనస్ 18 ప్రాంతంలో, నాయిస్ మైనస్ 9 ప్రాంతంలో ఆగితే బాగానే ఉంటుంది. ఆ తేడా ఉండాల్సిందే, లేకపోతే నాయిస్ వచ్చినప్పుడు దెబ్బ తగలదు.

టిక్కుకి కారణం వేరు. సీడీలో ఒక ఫ్రేమ్ అంటే 588 శాంపిళ్లు, సెకనుకి 75 ఫ్రేములు. విడిగా ఎక్స్‌పోర్ట్ చేసిన ఫైలు ఫ్రేము మధ్యలో ఆగితే మిగతాది సున్నాలతో నిండుతుంది, అదే మీకు వినబడుతోంది. రెండు ట్రాకుల్నీ ఒకే ఫైలుగా కలిపి, 44.1కి మార్చి, ట్రాక్ మార్కర్ని ఫ్రేము అంచున పెట్టండి. డిథర్ (16 బిట్‌కి దించేటప్పుడు కలిపే సన్నటి హిస్) అన్నిటికన్నా చివర, ఒక్కసారే.

ఫెర్రిక్:
క్యాసెట్‌కి పక్కకి 38 నిమిషాలంటే సీ60 (పక్కకి 30 నిమిషాలది) చాలదు. సీ90 టేపు పలచన, ప్రింట్‌త్రూ ఎక్కువ: పెద్ద శబ్దం చుట్టలో పక్క పొరకి అంటుకుని, ముందో వెనకో సన్నగా వినబడుతుంది. నిశ్శబ్దం తర్వాత ఒక్కసారిగా పేలే నాయిస్ ఉంటే ఇది బయటపడిపోతుంది, కాబట్టి దాని ముందు కొంచెం హమ్ ఉన్న ట్రాకు పెట్టండి. టైప్ 1 (మామూలు ఫెర్రిక్) టేపు మీద పైస్థాయి హై ఫ్రీక్వెన్సీలు త్వరగా సాచురేట్ అవుతాయి, అంటే టేపు అంతకన్నా పట్టలేక అవి నలిగిపోతాయి. నాయిస్ ట్రాకుల్లో 12 కిలోహెర్ట్జ్ పైన రెండు డీబీ తగ్గించి, క్యాసెట్‌కి వేరే మాస్టర్ చెయ్యండి.

ఎంపీ3లకి మందు లేదు. నాయిస్ కంప్రెషన్‌కి అస్సలు లొంగదు, నీళ్లలో ఉన్నట్టు మోగుతుంది. అసలు వేవ్ ఫైళ్లు అడిగి తీసుకోండి.

టేప్‌లూప్:
టిక్కు పోయింది. ఒక నాయిస్ ట్రాకు 44.1కి మార్చాక పీక్ ప్లస్ 2 చూపిస్తోంది. లిమిటర్ (పీకుల్ని అదిమే టూల్) వెయ్యనా?

మోనోసమ్:
వద్దు. ముందే క్లిప్పయి తలలు చదునైన వేవ్ అది. శాంపిల్ రేట్ మార్చితే పీకులు పైకి లేస్తాయి. ఫ్లోటింగ్ పాయింట్‌లోనే (సున్నా దాటినా తలలు తెగని ఫార్మాట్) 3 డీబీ తగ్గించి, అప్పుడు మార్చండి.